ముక్కుమీది మొటిమ

హైదరాబాదు నగరమున ఆబిడ్సు పేరెఱుగని గృహిణి యుండదు. ఆఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అను ఆర్మీనియా జాతీయుడు అచ్చట నొక యంగడి దెఱచెను. ఆ యంగడి యెన్నడో మూతపడినది గాని దాని పేరు మాత్ర మా పేటకు నిలిచిపోయినది. అచ్చటినుండి మొజంజాహి మార్కెట్టు మీదుగా నాంపల్లి రైలుస్టేషను వఱకు నడచునంతలో మందులషాపులు, కళ్లజోళ్ల దుకాణములు, అలంకారవస్తువుల యంగళ్లు లెక్కకు మిక్కిలిగ గానవచ్చును. జనవరి వచ్చినచో నాంపల్లి మైదానమున నుమాయిష్ సరేసరి. 1938 లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్సులో బ్రారంభించిన యీ ప్రదర్శనము 1946 లో నేటి మైదానమునకు మాఱినది. గాజులు, చీరలు, పచ్చళ్లతోబాటు మొగమునకు బూయు లేపనములు గూడ నిట్టిచోట్ల వెదకికొను వనితలు పెక్కుమంది.

ఆ వెదకులాటకు దఱచుగా గారణమగునది ముక్కుమీది మొటిమ. పదునైదు దినములలో బెండ్లిచూపు లున్నవి. కన్నెపిల్ల ముక్కుకొనయందు కందిగింజంత మొటిమ యెఱ్ఱగా నుబికినది. తల్లికి నిద్ర పట్టదు. పిల్ల యద్దము విడువదు. పొరుగింటి పిన్నిగారు “మా యమ్మాయికి ఫలానా క్రీము మూడు దినములలో బనిచేసినది” అని చెప్పినదే తడవుగా బజారునకు బయనము. ఈ బయనమును గూర్చియే సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పదలచితిని. మొటిమవలన గలుగు హానికంటె తొందరపడి చేయు వైద్యమువలన గలుగు హాని పెక్కురెట్లధికమై కానవచ్చుచున్నది.

మొగమునం దింత చోటుండగా మొటిమకు ముక్కే యేల దొరకవలయును? మన సారస్వతమున ముక్కును వర్ణించిన యొక్క పద్యముచేతనే నంది తిమ్మనకు ముక్కు తిమ్మన యను పేరు వచ్చినదని ప్రతీతి. కవి సంపెంగను జూచెను గాని, వైద్యుడు చూచునది వేఱు. ముక్కు, నుదురు, గడ్డము – ఈ మూడు తావులందును చర్మము క్రింద నూనెగ్రంథులు దట్టముగా నుండును. ప్రతి రోమకూపమునకు నొక గ్రంథి చేరియుండి చర్మమును మెత్తగా నుంచుటకై జిడ్డును స్రవించును. యౌవనారంభమున శరీరములోని హార్మోనుల ప్రేరణముచే నీ గ్రంథులు పెరిగి జిడ్డు నెక్కువగా విడుచును. రోమకూపపు లోపలిగోడనుండి రాలిన చర్మకణము లా జిడ్డుతో గలిసి బిరడావలె ద్వారమును మూయును. లోపల నిలిచిన జిడ్డునం దెల్లప్పుడు మన చర్మముపై నివసించు ఒకజాతి సూక్ష్మజీవులు వృద్ధిపొంది వాపును, ఎఱుపును, చీమును గలిగించును. ఇంతియే మొటిమ. ఇందు మురికి చేసిన నేరమేమియు లేదు; దినమున కెనిమిదిమార్లు సబ్బుతో దోమువారికి మొటిమలు తగ్గకపోవుట కిదియే కారణము. సరికదా, అతిగా దోముటచే జర్మము ఎండి, మంటపుట్టి, ఉన్న వాపు హెచ్చును. ఉదయమొకమారు, రాత్రి యొకమారు, మిక్కిలి చెమటపట్టినచో మఱియొకమారు, ఘాటులేని సబ్బుతో వ్రేళ్లతోనే కడుగుకొనిన జాలును.

ముక్కుపై నల్లని చుక్కలు కానబడుటయు నిట్టిదే. అవి ధూళియని తలచి పిన్నులతో గ్రుచ్చువారు, జిగురుకాగితముల నంటించి పెఱుకువారు గలరు. మూయబడని రోమకూపములోని జిడ్డుబిరడా గాలితగిలి నల్లబడుటచే నా రంగు వచ్చినది గాని మట్టివలన గాదు. మఱి కొందఱికి ముక్కంతటను సన్నని బూడిదరంగు చుక్కలుండును. అవి మొటిమజాతివే కావు. జిడ్డు వెలికివచ్చు సహజమార్గములు. వానిని నొక్కి తీసినను ఒక నెల తిరుగకమునుపే మరల నిండును. అట్టివానితో బోరాడుట వ్యర్థము.

ఇక గిల్లుట. ఇందు మాత్రము నేను కఠినముగానే చెప్పదలచితిని. మొటిమను గిల్లినప్పుడు చీములో గొంత వెలికివచ్చునది నిజమే, కాని మిగిలినది చర్మపు లోపొరలలోనికి జొచ్చుకొనిపోవును. వారములో బోవలసినది నెలవఱకు నిలుచును. మన దేశీయుల చర్మమున వర్ణద్రవ్య మెక్కువగుటచే వాపు తగ్గిన పిదప నల్లని మచ్చ మిగులును. ఆ మచ్చ మాసిపోవుటకు నెలలు పట్టును. లోతుగా గిల్లినచో గుంటయే పడును. దానికి బూతమందు లేదు. వీనియన్నిటికంటెను గమనింపదగిన దొకటి గలదు. ముక్కుయొక్కయు, పై పెదవియొక్కయు సిరలు కన్నులవెనుక మెదడునకు సమీపముననున్న రక్తకుహరముతో సంబంధము గలవి. ఈ తావున సెగగడ్డ లేచినపుడు దానిని నలిపినచో నా విషము లోనికి బ్రాకుట మిక్కిలి యరుదు. ఆధునిక సూక్ష్మజీవినాశకౌషధములు వచ్చిన పిదప మఱింత యరుదైనది. అయినను జరిగినపుడు ప్రాణాపాయము. ముక్కులోపల నొప్పితో లేచిన పొక్కు, మొగమున వ్యాపించు వాపు, జ్వరము, తీవ్రమైన తలనొప్పి, కంటిరెప్పల వాపు – వీనిలో నేది కానవచ్చినను ఆనాడే వైద్యుని యొద్దకు బోవలయును.

ముక్కుపుడక ధరించు మన స్త్రీలకు వేఱొక చిక్కు గలదు. పుడక రంధ్రముప్రక్కన గండు లేచినపుడు దానిని మొటిమయని తలచి మొటిమల మందు పూయుదురు. అది పెక్కుమార్లు పుండు మానునపుడు పెరిగిన మాంసాంకురమో, లోహము సరిపడక వచ్చిన పొక్కో అయియుండును. చవుకరకపు పుడకలలో గలియు నికెలు అను లోహము పలువురి చర్మమునకు బడదు. మేలిమి బంగారమున కట్టి చిక్కు తక్కువ. క్రొత్తగా గుట్టించుకొన్న ముక్కును ఉప్పునీటితో గడిగి, మాటిమాటికి పుడకను త్రిప్పక యుండుట మంచిది. మానక చీముకారుచున్నచో దానిని దీసివేయవలయునా యను సంగతి వైద్యుడు నిర్ణయించును. కళ్లజోడు పెట్టుకొను వారికి జోటి మెత్తలానుచోట నొరపిడిచేతను, చెమటచేతను మొటిమలు రావచ్చును. ఆ మెత్తలను దినమున కొకమారు కడిగి, జోడు మిక్కిలి బిగువుగా నున్నచో నమ్మినవారిచే సరిచేయించుకొనుడు. ఇది కాసు ఖర్చులేని వైద్యము.

అసలు భయము గొల్పునది పేరు తెలియని క్రీముల సంగతి. మూడు దినములలో మొటిమ మాయమై, వారములో మొగము తెల్లబడుననిన నట్టి లేపనమున స్టెరాయిడు కలిసియున్నదేమో యని యనుమానింపవలయును. స్టెరాయిడు మంచి మందే. కొన్ని చర్మవ్యాధులందు వైద్యుడు కొలతపెట్టి యిచ్చినపుడు గొప్ప మేలు చేయును. కాని మొటిమపై బూసినపుడు అది వాపును మాత్రము కప్పిపెట్టును. ఎఱుపు తగ్గును, తెలుపు వచ్చును, పిల్ల సంతసించును, తల్లి యా పేరును పదిమందికి జెప్పును. ఒకటి రెండు నెలలకు మానజూచినచో మొగమంతయు నెఱ్ఱబడి, నిప్పులు చల్లినట్లు మండి, మునుపటికంటె నెక్కువగా మొటిమలు క్రమ్మును. ఆ బాధ కోర్వలేక మరల నదే పూయుదురు. క్రమముగా జర్మము పలుచనై లోపలి రక్తనాళములు కానబడును. మొగమున రోమములు మొలచును. ఎండ యిసుమంతయు నోర్వజాలదు. కొండనాలుకకు మందువేయ నున్న నాలుక యూడినదన్న సామెత దీనికే పుట్టినదేమో! భారతదేశమున నిట్టి రోగిణు లెందఱో వచ్చుచుండుటచే చర్మవైద్యులు దీనికి స్టెరాయిడువలన జెడిన మొగమని ప్రత్యేకముగా బేరే పెట్టినారు.

2018 మార్చి మాసమున కేంద్రప్రభుత్వము చర్మమునకు బూయు 14 రకముల స్టెరాయిడు మందులను షెడ్యూలు హెచ్ అను పట్టికలో జేర్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని శాసించినది. చట్టమున్నను ఇంటిలోనివారి యెఱుకయే మొదటి కాపుదల. కావున గొట్టము కొనకమునుపు దాని ప్రక్కనున్న చిన్న యక్షరములను జదువుడు. కన్ను ఆనకున్న పిల్లలచే జదివింపుడు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినొలోన్ – ఈ పేళ్లలో నేది యున్నను అది స్టెరాయిడు. పేళ్లన్నియు జ్ఞాపకముండనిచో చివర “సోన్” అనియో “సాల్” అనియో “లోన్” అనియో వచ్చిన దానిని సందేహించి వైద్యుని నడుగుడు. డబ్బాపై ఏ ద్రవ్యము కలిసినదో వ్రాయనే వ్రాయని తెల్లబఱచు క్రీములు మఱియు నపాయకరములు. పాదరసము కలిసిన లేపనములు మూత్రపిండములను గూడ జెఱచును. ఇదివఱకే అట్టిది పూయుచున్న వారుండినచో సిగ్గుపడి దాచవలదు. ఆ గొట్టమును చేతబట్టుకొని చర్మవైద్యుని చూడుడు. ఎట్లు మాన్పవలయునో ఆయనకు దెలియును. ఆబిడ్సునకు దవ్వుగాని ఉస్మానియా ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగము గలదు.

అయిన మొటిమకు మందే లేదా యనిన, చక్కని మందులే యున్నవి. వానికి తొందర మాత్రము లేదు. కొద్దిపాటి మొటిమలకు నూటికి 2.5 పాళ్లు బెంజాయిల్ పెరాక్సైడు గల పూత సూక్ష్మజీవులను దగ్గించును. నల్లచుక్కలకు నూటికి 2 పాళ్లవఱకు శాలిసిలిక్ ఆమ్లము గలది బిరడాలను వదులుచేయును. నూటికి 0.1 పాలు గల అడాపలీను మందు క్రొత్త బిరడాలు పుట్టకుండ జేయును. దీనిని రాత్రివేళ, తడియారిన మొగముమీద, బఠాణీగింజంత మాత్రము తీసికొని మొగమంతటను బలుచగా బూయవలయును; ఒక్క మొటిమపైననే దట్టముగా బెట్టుట పొరపాటు. మొదటి వారములలో చర్మము పొట్టురేగి కొంచెము మండును. అప్పుడు దినము విడిచి దినము పూయుచు, జిడ్డులేని తేమక్రీము తోడుచేసికొనిన సర్దుకొనును. పగలు ఎండకు వెళ్లునపుడు ఎండతాకుడు నాపు పూత తప్పనిసరి. గుణము కానవచ్చుటకు ఎనిమిది మొదలు పండ్రెండు వారములు పట్టును. రెండు వారములు చూచి “ఇది పనికిరాదు” అని గొట్టము పాఱవైచువారే యెక్కువ. పెండ్లిచూపులకు ముందు కాక, మూడు నెలల ముందుగా మొదలిడవలసిన వైద్య మిది.

గర్భవతులు, గర్భము గోరువారు అడాపలీనును వాడరాదు. వారికి వైద్యులు తఱచుగా అజిలాయిక్ ఆమ్లమును సూచింతురు. అది నల్లమచ్చలకు గూడ మేలు. కఠినమైన మొటిమలకు మ్రింగుట కిచ్చు ఐసోట్రెటినాయిన్ అను మందు గొప్ప గుణకారియే గాని గర్భస్థశిశువునకు దారుణమైన అంగవైకల్యములు గలిగించును. కావున పెండ్లియైన స్త్రీలు, పెండ్లి దగ్గఱపడిన కన్యలు తమ సంగతిని వైద్యునకు దాపరికము లేక చెప్పవలయును. ఒకరి చీటీతో నింకొకరు దానిని కొని మ్రింగుట యెంతమాత్రమును కూడదు.

వంటింటి వైద్యములను గూర్చి రెండు మాటలు. నిమ్మరసము పూసి యెండకు బోయినచో మంటయు నల్లమచ్చయు మిగులును. పండ్లపొడి, పండ్లపేస్టు మొటిమకు బెట్టుట దంతములకు జేయవలసిన పనిని చర్మమునకు జేయుట. పసుపు శుభప్రదము, మొటిమను మాన్పునని చెప్పుటకు దగిన నిదర్శనము లేదు. నలుగుపిండి పండుగనాడు ఒంటికి రుద్దుకొనుట ముచ్చటయే గాని, వాచిన ముక్కుపై గరుకుపిండి రాపాడింపవలదు. తలకు రాసిన నూనె నుదుటికి, ముక్కునకు గాఱకుండ జూచికొనుడు. దిండుగలీబు వారమున కొకటి రెండుమార్లు మార్చుడు.

ఆహారమున దోషమున్నదా? 1969 లో అమెరికా వైద్యులు కొందఱు చాకొలెట్టు తినిపించి చూచి మొటిమలతో దానికి సంబంధము లేదనిరి. అయితే పోలికకై యితరుల కిచ్చిన మిఠాయిలో గూడ అంతే క్రొవ్వు, అంతే చక్కెర యుండెనని పిదప విమర్శలు వచ్చినవి. ఇటీవలి పరిశోధనలనుబట్టి చక్కెర, మైదావంటి త్వరగా రక్తములో జక్కెరను బెంచు పదార్థములు కొందఱికి మొటిమలను హెచ్చించుననియు, పాలతో గూడ గొంత సంబంధము గలదనియు దోచుచున్నది. నాంపల్లి ఇరానీ హోటలు తీపిచాయ్ నెల కొకమారు త్రాగినందున ముక్కు చెడదు. దినమునకు నాలుగు త్రాగువారు తగ్గించి చూడవచ్చును. పిల్లలకు పాలు మాన్పించుట మాత్రము నాకు సమ్మతము గాదు.

మొటిమలతోబాటు నెలసరి తప్పుచుండుట, గడ్డమున రోమములు మొలచుట, బరువు పెరుగుట యున్నచో అండాశయముల సంబంధమైన వ్యాధియేమో యని స్త్రీవైద్యురాలిచే బరీక్ష చేయించుడు. పైపూత లెన్ని పూసినను మూలము కదలదు. ముప్పదియేండ్లు దాటిన వారికి ముక్కు, చెక్కిళ్లు తఱచుగా నెఱ్ఱబడి వేడియెక్కుచు, నల్లచుక్కలు లేక పొక్కులు మాత్రమే వచ్చినచో నది మొటిమ కాక రోసేషియా అను వేఱు వ్యాధి కావచ్చును. దానికి మందులు వేఱు.

చివరగా నొక చిన్న సంగతి. బెంజాయిల్ పెరాక్సైడు గుడ్డల రంగు నూడ్చును. అది పూసిన రాత్రి తెల్లని దిండుగలీబు వాడుడు, పట్టుచీర కట్టుకొనకమునుపు చేతులు కడుగుకొనుడు.