నూతన హిమపాతము – మంచుచరియలు – సురక్షిత పర్వతయానము

బీదరు పట్టణమున మంచు కురియదు. కావున గాంధీ గంజ్ పరిసరములందలి తెలుగువారికి మంచుచరియలతో నేమి పని యని కొందరు శంకింపవచ్చును. 2016వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమానీనదముపై, సుమారు 19,600 అడుగుల యెత్తున, సోనమ్ స్థావరముపై మంచు విరిగిపడి మద్రాసు రెజిమెంటు 19వ పటాలమునకు చెందిన పదిమంది సైనికులను కప్పివేసినది. వారిలో ధారవాడ జిల్లా బెటదూరు వాసి లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్, కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉండిరి. ఆరవ దినమున హనుమంతప్ప సజీవుడుగా బయటపడెను. కాని ఫిబ్రవరి 11న ఢిల్లీలో మరణించెను. కర్ణాటకమున నివసించు తెలుగువారికి ఆ దుఃఖము పుట్టినయింటిదియు, మెట్టినయింటిదియు నైనది. నేడు మన యువకులు విహారమునకై హిమాలయములకు పోవుచున్నారు. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

ముందుగా పదవివేచనము. హిమపాతమనగా ఆకాశమునుండి మంచు కురియుట. పేరుకొనిన మంచు కొండవాలునుండి తెగి జారిపడుటయే మంచుచరియ. పత్రికలలో ఈ రెంటికిని ఒకే మాట వాడుట కలదు. అది పొరపాటునకు దారితీయును.

మంచు ఏల జారును? గంజ్‌లో కందుల రాశిని చూడుడు. పైనుండి గింజలు పోయుకొలది రాశి పెరుగును. వాలు ఒక మేర మించినంతనే గింజలు ప్రక్కలకు జారును. పొడిమంచు జారుటయు ఇట్టిదే. ఇంతకంటె ప్రమాదకరమైనది పలకచరియ. చలి తీవ్రముగా నున్నప్పుడు నేలవైపు వెచ్చదనమువలన ఆవిరి పైకి లేచి, మంచు అడుగున చక్కెర పలుకులవంటి అతుకులేని రేణువులు ఏర్పడును. దానిపై క్రొత్తమంచు పడి, గాలికి గట్టిపడి పలకయగును. బలహీనమైన పొరపై బరువైన పలక నిలిచియుండగా, ఒక మనుష్యుని అడుగు చాలును. పలక యంతయు ఒక్కమారుగా తెగును. చరియలలో చిక్కినవారిలో అత్యధికులు తామో, తమ తోడివారో కదలించిన మంచుచేతనే చిక్కుచున్నారు.

30 మొదలు 45 డిగ్రీల వరకు గల వాలులు మిక్కిలి అపాయకరములు. గాలి ఒక వైపు మంచును ఊడ్చి చాటువైపు పోగుచేయును. కావున గాలిచాటు వాలులందు భయమెక్కువ. మంచు కురియునప్పుడును, కురిసిన తరువాత ఒకటి రెండు దినములును గండకాలము. మంచు వెలిసిన మరునాటి నిర్మలాకాశము ప్రయాణికుని పిలుచును. నిజమునకు అదియే ఆగవలసిన దినము.

ప్రకృతి కొన్ని సూచనల నిచ్చును: సమీపమున అప్పుడే జారిన చరియలు, అడుగు పెట్టినపుడు మంచు క్రుంగుచు చేయు గంభీరధ్వని, పాదములనుండి వ్యాపించు పగుళ్లు, హఠాత్తుగా పెరిగిన వేడి లేక వాన. వీనిలో నొక్కటి కనబడినను వెనుదిరుగవలయును. నిటారు వాలుల క్రిందను, ఇరుకు లోయలందును విడిది చేయరాదు. తప్పనిసరియైనచో ఒక్కొక్కరుగా దాటవలయును. తక్కినవారు సురక్షితస్థలమునుండి కనిపెట్టియుండవలయును.

పూడినవారికి ప్రాణము నిమిషములలో నున్నది. పది పదిహేను నిమిషములలో త్రవ్వితీసినచో బ్రతుకువారే ఎక్కువమంది. అరగంట దాటిన ఆశ మిక్కిలి తగ్గును. సైన్యము వచ్చువరకు కాలమాగదు. అందుచే ప్రతివానియొద్దను సంకేతయంత్రము, మంచులో గ్రుచ్చి వెదకు కడ్డీ, పార ఉండవలయును. వాని వాడుక ముందే అభ్యసింపవలయును. చరియలో పడినవాడు పైకి తేలుటకు పెనుగులాడి, ఆగుటకు ముందే ముఖమునెదుట చేతులతో గాలికి చోటు చేసికొనవలయును. ఆగినపిదప మంచు రాయివలె బిగియును.

2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండమునందలి మాణా యొద్ద, విస్తారముగా మంచు కురియుచుండగా, రహదారి కార్మికుల శిబిరముపై చరియపడెను. చిక్కిన 54 మందిలో 46 మంది రక్షింపబడిరి. 8 మంది మరణించిరి. హిమప్రాంతములకు హెచ్చరికల నిచ్చుటకై 1969లో మనాలి యందు స్థాపితమైన పరిశోధనాసంస్థ, 2020లో మరియొక సంస్థతో కలిసి, రక్షణ భూసమాచార పరిశోధనా సంస్థగా చండీగఢ్‌నుండి పనిచేయుచున్నది. ప్రయాణమునకు ముందు దాని ప్రకటన చూచుట విధిగా నుండవలయును.

కుమారుడు కొండలకు పోయెదననినపుడు తల్లిదండ్రులు ఖర్చును, చలిబట్టలను విచారింతురు. మంచు ఎన్నడు కురిసినది, పార వెంటనున్నదా, వెనుదిరుగుటకు దినములు మిగిలియున్నవా అనియు అడుగవలయును. శిఖరము ఎచ్చటికిని పోదు. మరల ఎక్కుటకు మనిషి మిగులవలయును.