చుట్ట ముందే మానండి

క్యాన్సర్ వల్ల దవడ ఎముక తీసినప్పుడు, కాలిలోని సన్నని ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అక్కడ అమర్చుతారు. 2, 3 మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోపు కింద కుడతారు. కుట్టు ఎంత బాగున్నా పొగాకు వాటిని బిగిస్తుంది. ఆపరేషన్ మాట రాగానే చుట్ట, బీడీ, ఖైనీ మానండి. 4 వారాలు దొరికితే మేలు. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే తల్లులు ఈ సంగతి మా దగ్గర దాస్తారు. మేము తిట్టము, నిజం చెప్పండి.

ముంజేతి నుండి చర్మం తీస్తామంటే, ఆ చేతికి ఎవరినీ సూది గుచ్చనివ్వకండి. మా సిస్టరు మరచినా మీరు గుర్తుచేయండి.

మొదటి రెండు మూడు రోజులు రాత్రి కూడా గంటగంటకూ లేపి రంగు, వేడి చూస్తాము. తోడుగా ఇద్దరు వంతులవారీగా ఉండాలి. కొద్దిరోజులు మాట రాకపోవచ్చు. పలక తెచ్చుకోండి, చదువు రానివారు నొప్పికి, దాహానికి సైగలు ఇంటివారితో ముందే అనుకోండి.