కవిమూర్తియు ఆశ్వాసాంత గద్యమును

పూర్వకవుల రూపము లెట్టివో చూడవలెనను కోరిక సహజము. పురావస్తువుల వర్తకమునకు ఆ కోరికయే పెట్టుబడి.

జపాను దేశమున ఫుజివర నో కింతో అను విద్వాంసుడు 11వ శతాబ్ది యారంభమున ముప్పదియార్గురు కవులను శ్రేష్ఠులుగా నెన్నెను. 13వ శతాబ్ది చిత్రకారులు వారి మూర్తులను చుట్టలపై లిఖించిరి. 17వ శతాబ్ది యారంభమున క్యోటో చెంతనున్న సాగాలో అచ్చైన సచిత్ర గ్రంథములలోనికిని అవి చేరినవి. వారిలో హితొమరో క్రీ.శ. 700 ప్రాంతమువాడు. ఐదువందల యేండ్ల తరువాతి చిత్రము అతని ముఖమెట్లగును? అది దేవతల ధ్యానశ్లోకము వంటిది. దర్శనము కాదు, భావన. ఒకప్పుడు సతాకె వంశీయుల యొద్దనుండిన అట్టి చుట్టను మొత్తముగా కొనగలవాడు లేకపోగా, 1919లో 37 ఖండములుగా కోసి చీట్లు వేసి పంచుకొనిరి. నూరేండ్లకు, 2019లో, క్యోటో జాతీయ ప్రదర్శనశాల యొకచోట చేర్చగలిగినవి 31 మాత్రమే.

మనకు నన్నయ, తిక్కన, ఎఱ్ఱనల సమకాలిక చిత్రములు లేవు. పాఠ్యపుస్తకములందలి బొమ్మలు ఆధునికుల ఊహలు. ఆముక్తమాల్యదా కర్తయగు కృష్ణరాయని లోహమూర్తి, పేరు చెక్కబడి, దేవేరులతో తిరుమలలో నుండుట అపూర్వమైన భాగ్యము. అదియు ప్రభువగుటచే కలిగినదే. తక్కిన కవులకు ఆశ్వాసాంత గద్యమే చిత్తరువు. తిక్కన కొమ్మనామాత్యుని పుత్రుడని చెప్పునది అదియే. అందు వంశము, బిరుదము, కృతినామము గలవు. ముక్కు చెవులు లేవు.

ఉత్కళమున గంటముతో గీచి మసి పూసిన చిత్రతాళపత్రములు విరివిగా గలవు. అట్టి కట్టలోని బొమ్మయాకును వేరుచేసి అద్దము బిగించి అమ్మినచో మిగిలిన ఆకులు అనాథలగును. అంచునగల పత్రసంఖ్య చట్రము క్రిందికి పోవును. కృతిని గుర్తించుటకు పనికివచ్చు గద్యము మఱియొకచోట మిగులును. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము సాహిత్యాది ప్రాముఖ్యముగల వ్రాతప్రతులను 75 ఏండ్లు నిండినంతనే పురావస్తువులుగా నెంచును. అనుమతిపత్రము లేక వాని వర్తకము కూడదు. ప్రజలు విదేశములకు పంపరాదు. కాని దేశములోపల ఆకును ఆకునుండి వేరుచేయు కత్తిని ఆపుట దానికి సులభము కాదు.

కావున అనకాపల్లి జిల్లా మాకవరపాలెము వంటి యూరిలో ఏ యింటి అటకపైనైనను తాటాకుల కట్ట దొరికినచో, బొమ్మకై వెదకుటకు ముందు త్రాడు విప్పక ఆకులు లెక్కింపవలెను. పిమ్మట తుదియాకు చూడవలెను. కవి పేరు లేకున్నను, వ్రాసిన లేఖకుని పేరును, సంవత్సరమును పెక్కుమార్లు అచ్చటనే యుండును.