అంబాసిడర్ స్టార్ట్ కావట్లేదా? ఇంజిన్ పోయిందనే ముందు పాయింట్లు చూడండి

గుడివాడ వైపు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, తాతయ్య అంబాసిడర్ ఏడాదిగా షెడ్డులోనే ఉంది. స్టార్ట్ కావట్లేదు. ఇంజిన్ పోయింది, తూకానికి అమ్మేయమంటున్నారు." ఆగు తమ్ముడూ! ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. తుక్కు చేశాక మళ్లీ రాదు.

నేను చెప్పేది పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ గురించి. డీజిల్ బండికి స్పార్కే ఉండదు, వాళ్లు ఈ ఎపిసోడ్ వదిలేయొచ్చు.

బండి న్యూట్రల్‌లో పెట్టి, హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. "టక్"మని ఆగి లైట్లు డల్ అయితే చాలావరకు బ్యాటరీ, లేదా టెర్మినల్స్. లైట్లు అలాగే వెలుగుతుంటే కరెంట్ స్టార్టర్ దాకా పోవట్లేదు, సోలినాయిడ్ చూడాలి.

ఇంజిన్ గిర్రున తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు అనుకోండి. అసలు కథ ఇక్కడే. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మధ్యలోకి వచ్చే లావు వైరు ఊడదీసి, దాని చివర ఇంజిన్ బాడీకి అర సెంటీమీటర్ దూరంలో పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. వైరు చేత్తో పట్టుకోవద్దు, షాక్ గట్టిగా కొడుతుంది. ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లేయర్ వాడండి. పెట్రోల్ వాసన వస్తుంటే ఈ టెస్టే చేయొద్దు.

నీలం స్పార్క్ టపటపా పడిందా? అయితే క్యాప్, రోటర్, ప్లగ్‌లు చూడండి. వానాకాలం మన దగ్గర క్యాప్ లోపల చెమ్మ చేరుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు అదే సరిపోతుంది. వైర్లు తీస్తే మాత్రం గుర్తు పెట్టుకోండి, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2.

స్పార్క్ అసలే లేకపోతే నా అనుమానం ముందు పాయింట్ల మీదే. డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు చిన్న కాంటాక్టులు, ఇంజిన్ తిరిగేకొద్దీ మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. తెరుచుకున్న క్షణంలో కాయిల్‌లో కరెంట్ ఠక్కున ఆగిపోతుంది. ఆ దెబ్బకే 12 వోల్టుల నుంచి వేల వోల్టులు పుడతాయి. ఏడాది కదలకుండా పడుంటే డెల్టా తేమకి కాంటాక్టుల మీద పొర పట్టేస్తుంది, ఇక కరెంటే పారదు. మా కోడింగ్ భాషలో ప్రోగ్రామంతా కరెక్టే, ఒక్క ఇఫ్ కండిషన్ ఎప్పటికీ ట్రూ కావట్లేదు!

ఇగ్నిషన్ ఆపి, సన్న ఎమరీ పేపర్ మెల్లగా రుద్ది, పొడి మిగలకుండా తుడవండి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.4 మిల్లీమీటర్ దగ్గర ఉండాలి. కంటితో కాదు, ఫీలర్ గేజ్ పెట్టే కొలవండి. మన ఆటోనగర్‌లో దొరుకుతుంది. పాయింట్లు నల్లగా కాలి, స్పార్క్ పసుపుగా నీరసంగా ఉంటే పక్కనున్న కండెన్సర్‌ని అనుమానించండి. ఇవేవీ చూడకుండా ఎవరైనా "కాయిల్ మార్చేద్దాం" అంటే ఒప్పుకోవద్దు.

స్పార్క్ బ్రహ్మాండంగా ఉన్నా అందుకోకపోతే, ట్యాంకులో ఏడాది నాటి పెట్రోల్ సంగతి తేల్చాలి. వచ్చే ఎపిసోడ్‌లో కార్బురేటర్ విప్పుదాం.