చిత్తడి నేలపై చక్కటి నడక

పిల్లల దగ్గరికని ఐర్లండ్ వెళ్తున్నారా? ఊరగాయలు, పొడులు, మూడు నెలలకు సరిపడా మందులు సర్దుకోవటం అయిపోయే ఉంటుంది. మరి మీ నడక సంగతి? ఇక్కడ రోజూ ఉదయం కాలనీ పార్కులో నాలుగు రౌండ్లు కొట్టే అలవాటు అక్కడికి వెళ్లాక తరచూ ఆగిపోతుంటుంది. పిల్లలు పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్లిపోతారు. బయట చలిగాలి, చినుకులు. దారులు కొత్త. మనవడితో ఆడుకోవటం, టీవీ చూడటం, తినటం, కాసేపు నడుం వాల్చటం... రోజులు ఇలాగే గడుస్తాయి. సందర్శక వీసా మీద ఉండే 90 రోజులూ పూర్తయ్యి, ఇంటికొచ్చి పరీక్ష చేయించుకుంటే హెచ్‌బీఏ1సీ పెరిగి కనిపించొచ్చు. ఎందుకంటే ఆ పరీక్ష చెప్పేది గత రెండు, మూడు నెలల సగటు గ్లూకోజునే. అంటే మీ ఐర్లండ్ మజిలీ మొత్తం అందులో నమోదవుతుందన్నమాట.

ఇక శని, ఆదివారాలు. పిల్లలు సరదాగా ఎటైనా తీసుకెళ్తామంటారు. తీరా చూస్తే అది కొండ ఎక్కే చోటు అవుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కారులోనే ఉండిపోతారు. అలాకాకుండా ఇంటిల్లిపాదీ కలిసి నడవగలిగే చోట్లు ఐర్లండ్‌లో చాలానే ఉన్నాయి. అవే అక్కడి చిత్తడి నేలలు, వాటిని ఆనుకొని ఉన్న సముద్ర తీరాలు.

ఏమిటీ బాగ్?

ఈ చిత్తడి నేలలను అక్కడివారు ‘బాగ్’ అంటారు. మన కొల్లేరులా నీళ్లు పరచుకొని కనిపించవు. చూడటానికి గోధుమ, ఊదా రంగు గడ్డి మైదానంలా ఉంటాయి. కాలు పెడితే మాత్రం స్పాంజిలా దిగబడుతుంది. దీనికి మూలం స్ఫాగ్నమ్ అనే నాచు. ఇది తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుకుంటుంది. నీటిలో ఆక్సిజన్ తక్కువ, ఆమ్ల గుణం ఎక్కువ. దీంతో చనిపోయిన మొక్కలు పూర్తిగా కుళ్లవు. పొరలు పొరలుగా పేరుకుపోయి ‘పీట్’గా మారతాయి. పీట్ సుమారుగా ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే మీ కాలి కింద ఒక మీటరు లోతుకు వెయ్యేళ్ల కాలం దాగుందన్నమాట. రెండు వేల ఏళ్లకు పైగా ఇందులో చెడిపోకుండా నిలిచిన మానవ దేహాలను డబ్లిన్‌లోని జాతీయ మ్యూజియంలో చూడొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో దూది కొరత వచ్చినప్పుడు సైనికుల గాయాలకు కట్టింది ఈ స్ఫాగ్నమ్ నాచునే.

ఇలాంటి నేల మీద నేరుగా నడవటం ప్రమాదం. అందుకే చాలాచోట్ల చెక్క పలకలతోనో, కంకరతోనో దారులు వేశారు. ఇవి చాలావరకు చదునుగా ఉండటమే పెద్దలకు వరం.

మోకాళ్లకు ఎందుకు మేలు?

కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. కానీ మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే. ఒక్కో అడుగుకూ శరీర బరువు ముందుకు తూలుతుంది. దాన్ని ఆపటానికి తొడ కండరాలు గట్టిగా బిగుసుకుంటాయి. మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. చదునైన దారిలో ఈ బెడద ఉండదు. కీలు అరిగినవారు కూడా తమ వేగంతో, ఆగుతూ నడవొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని సూచిస్తోంది. మధ్యస్థమంటే? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఈ కొలత ఎక్కడైనా పనికొస్తుంది.

ఎక్కడెక్కడ?

క్లారా బాగ్: ఆఫలీ కౌంటీలో ఉంది. డబ్లిన్ నుంచి గాల్వే వెళ్లే రైలు మార్గంలోనే క్లారా స్టేషన్ వస్తుంది. ఊరికి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో చెక్క దారి ఉంది. ఒక చుట్టు దాదాపు కిలోమీటరు. మొదటిసారి వెళ్లేవారికి, ఎక్కువ దూరం నడవలేనివారికి అనువైనది.

కానమారా జాతీయ పార్కు: పశ్చిమ తీరంలోని లెటర్‌ఫ్రాక్ ఊరిలో ఉంది. ప్రవేశం ఉచితం. ఇక్కడి డైమండ్ హిల్ శిఖరం దాకా పిల్లలు వెళ్లొచ్చు. మీకు అంత కష్టం అక్కర్లేదు. అర కిలోమీటరు ఎలిస్ వుడ్ దారి, ఒకటిన్నర కిలోమీటర్ల స్రఫాన్‌బాయ్ దారి చాలు. ఓపిక ఉంటే మూడు కిలోమీటర్ల దిగువ డైమండ్ హిల్ దారిని ప్రయత్నించొచ్చు. ఇందులో కాస్త ఎగువకు నడవాల్సి ఉంటుందని గుర్తుంచుకోండి.

డెరిగిమ్‌లా: క్లిఫ్డన్ పట్టణానికి దగ్గర్లో ఉంది. చుట్టు దారి 5 కిలోమీటర్లు, దాదాపు చదును. మార్కోనీ 1907లో అట్లాంటిక్ మీదుగా వాణిజ్య వైర్‌లెస్ సేవలు ప్రారంభించింది ఇక్కడి నుంచే. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్‌లు ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్‌ను దాటి విమానం దించింది కూడా ఈ బాగ్‌లోనే. పైనుంచి పచ్చిక మైదానంలా కనిపించి దిగారు, విమానం ముక్కు బురదలో కూరుకుపోయింది. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. దారి వదిలి నేల మీద అడుగు పెట్టాలనిపించినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోండి!

డెరిగిమ్‌లాకు చేరువలోనే మానిన్ బే తీరంలో ‘కోరల్ బీచ్’ ఉంది. పేరుకు పగడమే గానీ నిజానికి అక్కడున్నవి సున్నం పట్టిన ఎర్ర నాచు తునకలు. డబ్లిన్ నుంచి క్లిఫ్డన్‌కు కారులో సుమారు నాలుగు గంటలు. ఒక్క రోజులో వెళ్లిరావటం పెద్దలకు అలసట. ఒక రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి. ప్రయాణంలో గంట, గంటన్నరకోసారి దిగి నాలుగడుగులు వేయండి.

బయల్దేరే ముందు

* వాన, గాలి: డబ్లిన్‌లో ఏడాది మొత్తం కురిసే వాన హైదరాబాద్ కన్నా ఎక్కువేమీ కాదు. కానీ పశ్చిమ తీరంలో చాలా ఎక్కువ. గొడుగు గాలికి నిలవదు. టోపీ ఉన్న రెయిన్‌కోటు కావాలి. మంకీ క్యాప్ ఉన్నా మంచిదే.

* దుస్తులు: చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకు చుట్టుకుంటాయి. జీన్స్ తడిస్తే ఆరదు, ఒంట్లోని వేడిని లాగేస్తుంది. త్వరగా ఆరే ట్రాక్ ప్యాంటు, దాని మీద పొరలు పొరలుగా దుస్తులు మేలు.

* పాదాలు: మధుమేహం ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. తడి బూటు ఒరుసుకుపోయినా తెలియదు. నీరు చొరబడని, అడుగు జారని బూట్లు వేసుకోండి. కొత్తవైతే ముందు ఇంట్లో కొద్దిరోజులు వాడండి. అదనంగా ఒక జత ఉన్ని సాక్సులు సంచిలో పెట్టుకోండి. ఇంటికి రాగానే వేళ్ల సందులు, మడమలు పరిశీలించండి.

* గ్లూకోజు: ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడేవారికి నడకలో గ్లూకోజు పడిపోవచ్చు. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. పులిహోర డబ్బా కారులో ఉంటే సరిపోదు, గ్లూకోజు బిళ్లలో చక్కెరో జేబులో ఉండాలి. చెమటలు, వణుకు, తికమక మొదలైతే వెంటనే తీసుకొని కూర్చోండి.

* గుండె, శ్వాస: చల్లగాలికి రక్తనాళాలు సంకోచిస్తాయి. గుండె జబ్బు, ఆస్థమా ఉన్నవారు ఇక్కడే డాక్టర్ సలహా తీసుకొని వెళ్లాలి. ఇన్‌హేలర్ వెంట ఉండాలి. ఛాతీలో బరువుగా అనిపిస్తే ‘కాస్త నడిస్తే పోతుందిలే’ అనుకోవద్దు. ఆగిపోండి. నొప్పి కొనసాగితే 112కు ఫోన్ చేయించండి.

* జారటం: తడిసిన చెక్క జారుతుంది. చేతికర్ర ఆసరా తీసుకోండి. ఫొటో కోసం వెనక్కి అడుగులేయొద్దు.

పాములు లేవు, పిడుదులున్నాయి

గడ్డిలో నడవాలంటే మనకు ముందు గుర్తొచ్చేది పాము. ఐర్లండ్‌లో సహజంగా పాములు లేవు. నిశ్చింతగా ఉండండి. చూసుకోవాల్సింది పిడుదులను. మన పశువులకు పట్టేలాంటివే. గసగసాలంత చిన్నగానూ ఉంటాయి. కొన్నింటి ద్వారా లైమ్ వ్యాధి రావొచ్చు. ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దోపుకోండి. తిరిగొచ్చాక మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో, పిల్లలకైతే తల మీద కూడా వెతకండి. పట్టుకొని ఉంటే సన్నని ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. కిరోసిన్, నూనె పూయటం, అగ్గిపుల్లతో కాల్చటం చేయొద్దు. ఆ తర్వాత 3 నుంచి 30 రోజుల్లో అక్కడ ఎర్రటి మచ్చ వలయంలా విస్తరిస్తున్నా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించుకోవాలి. ఈలోపు ఇండియాకు తిరిగొచ్చేస్తే ఐర్లండ్‌లో పిడుదు కుట్టిందని ఇక్కడి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మన దగ్గర అరుదైన జబ్బు కాబట్టి మీరు చెప్తేనే తెలిసేది.

సోమవారం నుంచీ...

వారాంతంలో ఒక రోజు 5 కిలోమీటర్లు నడిచి, మిగతా ఆరు రోజులు సోఫాలో కూర్చుంటే లాభం తక్కువ. బాగ్‌లో నడిచి వచ్చాక మీకో ధైర్యం వస్తుంది. చినుకుల్లోనూ నడవొచ్చని, చలికి ఏమీ కాదని తెలుస్తుంది. ఆ ధైర్యాన్ని వారమంతా వాడుకోండి. భోజనం చేసిన తర్వాత 10-15 నిమిషాలు ఇంటి చుట్టుపక్కల నడవండి. తిన్న వెంటనే పెరిగే గ్లూకోజును కండరాలు వాడుకుంటాయి. జూన్‌లో రాత్రి పది గంటల దాకా అక్కడ వెలుతురు ఉంటుంది కాబట్టి రాత్రి భోజనం తర్వాతా ఇబ్బంది లేదు. ఇంటి చిరునామా రాసిన కాగితం, ఫోను జేబులో పెట్టుకుంటే దారి తప్పుతామన్న బెంగా ఉండదు.

పిల్లలకూ ఒక మాట. అమ్మానాన్నలు వచ్చిన మొదటి వారంలోనే ఇంటి దగ్గర ఒక నడక దారిని వారితో కలిసి రెండుసార్లు నడిచి చూపించండి. మూడోసారి నుంచి వారే వెళ్తారు.