పలమనేరు కుంటలో లంక కప్ప

వాన పడ్డ రాత్రి తిరువూరు పక్కన వినగడప పొలాల్లో గొంతెత్తే బోదురుకప్పను ఏ రైతయినా గుర్తుపడతాడు. ఉపఖండమంతా ఉండే కప్ప అది. బంగారువీపు కప్పలతో అలా కుదరదు. సన్నని ఒళ్లు, బంగారు గోధుమరంగు వీపు, పక్కల ముదురు రంగు... అన్నీ ఒకే అచ్చు. అందుకే చాలాకాలం పడమటి కనుమల్లో దొరికినవాటికీ, శ్రీలంకలో దొరికినవాటికీ ఒకే పేర్లు పెట్టేశారు.

2014లో ఎస్.డి. బిజు బృందం ఆ చిక్కుముడి విప్పింది. శరీర కొలతలతోపాటు డీఎన్‌ఏనూ పోల్చితే ఏకంగా ఏడు కొత్త జాతులు బయటపడ్డాయి. ‘హైలరానా టెంపొరాలిస్’ అచ్చంగా లంకదేనని, మన కనుమల్లో ఆ పేరుతో చలామణీ అయినవి వేరే జాతులని తేలింది. 1829లో గ్రావెన్‌హార్స్ట్ పేరు పెట్టిన ‘హైలరానా గ్రాసిలిస్’ కూడా లంక ఖాతాలోనే ఉంది. రెండు దేశాల కప్పల మధ్య గీత గీసినట్టయింది.

ఆ గీత చిత్తూరు జిల్లాలో చెరిగింది.

ఏనుగులకు పేరుపడ్డ కౌండిన్య అభయారణ్యం దగ్గర, పలమనేరు ప్రాంతంలో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పరిశోధకులకు ఈ గ్రాసిలిస్ కనిపించింది. శేషాచలం కొండల్లో మరో లంక కప్ప, ‘సూడోఫైలాటస్ రేజియస్’ దొరికింది. ఈ రెండోది చిన్న పొదకప్ప. దీని ప్రజాతిలో తోకకప్ప దశే ఉండదు; గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పపిల్ల బయటికొస్తుంది.

ఉప్పునీళ్లు కప్పలకు గిట్టవు. మరి సముద్రం ఎలా దాటాయి? దాటనక్కర్లేకపోయింది. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా తక్కువ. లోతులేని పాక్ జలసంధి అప్పుడు పొడినేల. అయినా ఆ దారిన నడిచిన జీవులు అనుకున్నంత ఎక్కువేం కావని 2004లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన బోస్యూట్ బృందం పరిశోధన చెప్పింది. కాబట్టే రాయలసీమ కప్పలు అంత విలువైన సాక్ష్యాలు.

తూర్పు కనుమల్లో కప్పల వెతుకులాట పడమటి కనుమల్లో జరిగినంతగా జరగలేదు. పలమనేరుకూ లంకకూ నడుమ తమిళనాడంతా ఉంది. జవ్వాది, షెవరాయ్ కొండల కుంటల్లోనూ, వాటి కింది పల్లెల చెరువుగట్ల మీదా వానాకాలం రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని తిరిగితేనే గ్రాసిలిస్ దారి ఎటు నుంచి ఎటు సాగిందో తెలుస్తుంది. ఈలోగా ఆ కుంటలు పూడిపోకుండా ఉండాలి.