ఎండను జల్లించుకునే నాచు

నెల్లూరు మీదికి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు నాయనా. ఏప్రిల్ ఆఖర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఇంకోసారి. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం బయట నిలబడితే మన నీడ మన పాదాల కిందే ఉంటుంది. ఎండ నిలువునా దిగుతుంది గనక గాలిలో దాటాల్సిన దారి తక్కువ, మధ్యలో అడ్డుకునే ఓజోను కూడా తక్కువే. అందుకని అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా కిందికి చేరతాయి. మనం నీడకు పోతాం. పీత ఇసుక బొక్కలో దూరుతుంది. చేప లోతుకు దిగుతుంది. మరి రాతిని కరుచుకుని పెరిగే నాచు ఎక్కడికి పోవాలి?

మన మైపాడు తీరంలో నువ్వు చూసేదంతా ఇసుకే. నాచుకు చెట్టులాగా వేళ్లుండవు, అడుగున ఉండే పట్టుతో రాయిని పట్టుకుని బతుకుతుంది. ఇసుకలో ఆ పట్టు దొరకదు. అందుకే గోధుమరంగు నాచు పెరుగుతుంటే చూడాలంటే విశాఖపట్నం, భీమిలి రాళ్ల దగ్గరికి పోవాలి. సర్గాసం, పడైనా లాంటివి అక్కడుంటాయి. మన ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచులో ఆకుల మధ్య చిన్న చిన్న గాలి గుండ్లు కనిపిస్తే అది సర్గాసమే అనుకో. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఈ నాచుల మీద నీళ్లు పలచబడతాయి, ఒక్కోసారి నాచులే పూర్తిగా బయటపడతాయి. అప్పుడు ఎండంతా వాటి మీదే.

నేలకు చేరే అతినీలలోహితంలో నూటికి 95 పాళ్లు పొడుగు అలలది, దాన్ని ఎ రకం అంటారు. బి రకం 5 పాళ్లే, దాని అల పొడవు 280 నుంచి 315 నానోమీటర్లు. కానీ ఎక్కువ చేటు చేసేది ఆ అయిదు పాళ్లే. కణంలోని డీఎన్ఏ దాన్ని పీల్చుకుంటుంది. పీల్చుకున్న చోట పక్కపక్కనున్న రెండు థైమీన్లు, అంటే డీఎన్ఏ రాతలోని రెండు అక్షరాలు, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక అక్కడ ఆ రాతకు నకలు తీయడం కుదరదు, కణం పెరగడం ఆగిపోతుంది.

పోనీ, ఎండే తగలకుండా ముసుగేసుకుందామంటే నాచు పస్తుండాలి. దాని తిండి తయారయ్యేది ఆ వెలుగుతోనే. కాబట్టి దానికి కావలసింది ముసుగు కాదు, మంచిని లోపలికి వదిలి చెడ్డను ఆపే జల్లెడ.

ఆ జల్లెడ పేరు ఫ్లోరోటానిన్లు. తుమ్మచెక్కలో, తేయాకులో ఉండే వగరు టానిన్లదే. ఇవి వాటికి దాయాదులు, కానీ గోధుమరంగు నాచులకే సొంతం. ఫ్లోరోగ్లూసినాల్ అనే చిన్న అణువులను ఒకదానికొకటి కలుపుకుంటూ పోయి నాచు వీటిని తయారుచేసుకుంటుంది. కొన్ని జాతుల్లో ఎండు బరువులో నూటికి 10 పాళ్లు దాటి ఉంటాయి. ఇవి బి రకం కిరణాలను పీల్చుకుని, కంటికి కనిపించే వెలుగును చాలావరకు లోపలికి పోనిస్తాయి. నాచుకు గోధుమరంగు ఇచ్చేది మాత్రం ఫ్యూకోజాంతిన్. తిండి కోసం వెలుగును పట్టివ్వడం దాని పని.

ఈ టానిన్లు ఫైసోడ్లు అనే చిన్న చిన్న తిత్తుల్లో నిలవుంటాయి. ఎండ ముందుగా తగిలే పైపొర కణాల్లో అవి ఎక్కువ. ఎండ దెబ్బ పెరిగితే నిలవ కూడా పెరుగుతుంది. 1997లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆస్కోఫిల్లం అనే నాచు మీద బి రకం కిరణాలు ఎక్కువగా పడేట్టు చేసి చూస్తే, దానిలో టానిన్లు పెరిగాయి. పైగా ఆ వగరు వల్ల నాచును మేసే నత్తలకు కూడా నోరు ఆడదు.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఇంకొకటుంది. నాచు ఈ టానిన్లను కొంత చుట్టుపక్కల నీళ్లలోకి కూడా వదులుతుంది. కెల్ప్ అనే పెద్ద నాచుల సిద్ధబీజాలు ఒంటి కణాలు, వాటికి ఇంకా గోడ కూడా కట్టి ఉండదు. అట్లా టానిన్లు ఊరిన నీళ్లలో ఉంచితే అతినీలలోహితం వాటికి తక్కువ హాని చేసిందని ప్రయోగాల్లో తేలింది. తల్లి వదిలిన వగరు పిల్లలను కాస్తుందన్నమాట.

జల్లెడ దాటి లోపలికి వచ్చి దెబ్బ కొట్టిన కిరణానికీ మందుంది. ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ నీలి వెలుగు సాయంతో అతుక్కున్న థైమీన్లను విడదీసి మళ్లీ సరిచేస్తుంది. ఒక వెలుగు చేసిన గాయాన్ని ఇంకో వెలుగు మాన్పుతుంది.

ఆ ఎంజైమ్ మన ఒంట్లో లేదు నాయనా. మన కణాలు దెబ్బ తిన్న ముక్కను కత్తిరించి కొత్తది అతికించుకోవాలి, అది నిదానమైన పని. నీళ్లలోకి వదిలే టానిన్లు అసలే లేవు. కానీ నాచుకు లేని కాళ్లు మనకున్నాయి. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా సరుగుడు తోట నీడలో కూర్చో, సముద్రానికి సాయంత్రం పోదువుగాని.